కాటా బోర్డుల రేకు

డిప్లొమా పూర్తి చేశాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం మంగళగిరికి ఇవతల, గుంటూరు వైపున, ఒక పత్తి మిల్లు ప్రహరీని ఆనుకుని ఉన్న షెడ్డులో. రెండు వేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్ళయి ఉంటుంది. అప్పటికి మిర్చి యార్డులోనూ పత్తి కొనే చోట్లా రాళ్ళ తూకం పోయి, ఎర్ర అంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటాలు వస్తున్నాయి. ఆ కాటాల లోపలి సర్క్యూట్ బోర్డులు మా షెడ్డులో తయారయ్యేవి.

బోర్డు మీద చిప్పులు, చిన్న చిన్న విడిభాగాలు అతుక్కోవాలంటే ముందు వాటి కాళ్ళు ఆనే చోటల్లా టంకం పేస్టు పడాలి. అది బూడిద రంగులో, వేలికి జిగటగా తగిలే పదార్థం. దాన్ని పడాల్సిన చోట మాత్రమే పడేట్టు చేసేది స్టెన్సిల్. అల్యూమినియం చట్రానికి బిగించిన పల్చటి స్టీలు రేకు, దాని నిండా లెక్కలేనన్ని కన్నాలు. కన్నాల అచ్చు మీద పిండి పోసి ముగ్గు వేసే ఆడవాళ్ళకు ఈ పని కొత్తగా అనిపించదు. రేకును బోర్డు మీద ఆనించి, ఒక పక్కన పేస్టు వేసి, బ్లేడుతో ఒక్క లాగు లాగాలి. రేకు ఎత్తితే కన్నాలున్న చోటల్లా పేస్టు దిమ్మలు నిలబడి ఉంటాయి. కాకపోతే ముగ్గులో రెండు గీతలు కలిసిపోతే వాకిలికి ఏమీ కాదు. ఇక్కడ రెండు దిమ్మలు కలిస్తే కాటా తప్పు తూస్తుంది.

ఆ బ్లేడు లాగే పని చేసేది యాభై అయిదేళ్ళు దాటిన ఒక సాయిబు గారు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన ఎలక్ట్రానిక్స్ చదవలేదు, ఏమీ చదవలేదు. గుంటూరు బ్రాడీపేటలో పాతికేళ్ళకు పైగా స్క్రీన్ ప్రింటింగ్ గుడ్డ తెరలతో శుభలేఖలు, క్లినిక్కుల బోర్డులు, కోచింగ్ సెంటర్ల అట్టలు అచ్చు వేశాడు. ఊళ్ళోకి కంప్యూటర్ ప్రింటింగ్ వచ్చి ఆ పని తగ్గిపోయింది. మా యజమాని కూతురి పెళ్ళి శుభలేఖలు ఆయన దగ్గరే వేయించాడట. అప్పుడు ఆ చెయ్యి చూసి, మా షెడ్డులోకి రమ్మని అడిగి తీసుకొచ్చాడు.

మొదట్లో ఆయనకూ నాకూ పడలేదు. గుడ్డ తెరకూ కాగితానికీ మధ్య అట్ట ముక్కంత ఖాళీ ఉంచడం ఆయన అలవాటు. బెంగళూరులో రేకు కోసేవాళ్ళు దాంతో పాటు పంపిన ఇంగ్లీషు కాగితంలో ఖాళీ ఉండకూడదు, పూర్తిగా ఆనాలి అని ఉంది. నేను ఆ కాగితం పట్టుకుని ఆయన పక్కన నిలబడి చదివేదాన్ని. ఆయన వినేవాడు కాదు. నాలుగు బోర్డులు తనకు తోచినట్టు లాగి, వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, అయిదో బోర్డుకు తనంతట తనే ఖాళీ తీసేశాడు.

"గుడ్డైతే సాగిద్దమ్మా. ఇది స్టీలు కదా, సాగదు. ఆనాల్సిందే," అన్నాడు, ఆ సంగతి తనే కనిపెట్టినట్టు.

"నేను చెప్పింది అదేగా బాబాయ్?"

"నువ్వు చదివావు, చెప్పలేదు."

ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. కాగితంలో బ్లేడు ఎంత వాలుగా పట్టాలో, ఎంత వేగంగా లాగాలో అంకెలతో సహా ఉండేది. ఆయన చెయ్యి రెండు రోజులు ఒకేలా కదిలేది కాదు. ఎండ ముదిరి పేస్టు పల్చబడినప్పుడు ఒకలా, ముసురు పట్టినప్పుడు ఒకలా. బోర్డులు మాత్రం బాగానే వచ్చేవి. "ఎంత నొక్కాలి బాబాయ్?" అని అడిగితే, "రేకు మీద పేస్టు శుభ్రంగా తుడుచుకుపోవాలి. అందుకు ఎంత కావాలో అంతే, పిసరు కూడా ఎక్కువొద్దు," అనేవాడు. నేను దాన్ని నోటుబుక్కులో రాసుకుని, ఎదురుగా అంకె వేయడానికి చోటు వదిలిపెట్టాను. ఆ చోటు అలాగే ఉండిపోయింది.

రేకు బాగోగులు చూడటం నా పని. అయిదారు బోర్డులు అవగానే అడుగు భాగం తుడవాలి. దానికి నూగు రాలని ప్రత్యేకమైన గుడ్డ ఉండేది. మామూలు గుడ్డ వాడితే పోగులు కన్నాల్లో ఇరుక్కుంటాయి. పక్క మిల్లులో పత్తి ఆడేటప్పుడు గాలిలో దూది పింజలు తేలుతూ వచ్చేవి కాబట్టి కిటికీలు మూసి ఉంచాలి. సాయంత్రం పని అయిపోగానే స్పిరిట్టుతో, మెత్తటి బ్రష్షుతో రెండు వైపులా కడిగి, వెలుతురుకు ఎదురుగా పట్టి ఒక్కో వరస కన్నాలూ చూసి, బీరువాలో నిలువుగా పెట్టాలి. రేకు మీద ఏ బరువూ పెట్టకూడదు, మొనదేలిన వస్తువేదీ తాకించకూడదు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళకు నేనే చెప్పేదాన్ని.

ఒక వేసవి రోజు మధ్యాహ్నం పని మధ్యలో కరెంటు పోయింది. పేస్టును కరిగించి విడిభాగాల్ని అతికించే ఓవెన్ ఆగిపోయింది కాబట్టి అచ్చు పని కూడా ఆపేశారు. ఆ సాయంత్రం అమ్మను బ్రాడీపేటలో డాక్టరుకు చూపించాలి. కరెంటు వస్తే మళ్ళీ పని మొదలవుతుంది కదా, అప్పుడు ఎవరో ఒకరు కడుగుతారులే అనుకుని, రేకును అలాగే వదిలి బస్సెక్కేశాను. కరెంటు రాలేదు. ఎవరూ కడగలేదు.

మర్నాడు అందరికంటే ముందు నేనే వచ్చాను. రేకు మీద పేస్టు ఎండి పక్కు కట్టింది. స్పిరిట్టు పోసి బ్రష్షుతో రుద్దితే పెద్ద కన్నాలు తెరుచుకున్నాయి కానీ, పెద్ద చిప్పు కాళ్ళ దగ్గరుండే సన్న కన్నాలు తెరుచుకోలేదు. వెంట్రుకంత ఎడంతో పక్కపక్కనే ఉండే కన్నాలవి. ఇంకో పావుగంటలో అందరూ వచ్చేస్తారు. నిన్న కడగకుండా వెళ్ళానని తెలిసిపోతుంది. చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీశాను. ఒక్కొక్క కన్నంలో మెల్లగా గుచ్చి, ఎండిన పేస్టు తోసేశాను. కన్నాలన్నీ తెరుచుకున్నాయి. వెలుతురుకు పెట్టి చూస్తే చుక్కలు చుక్కలుగా మెరిశాయి. ఆ రోజు మొదటి బోర్డు చక్కగా వచ్చింది. హమ్మయ్య అనుకుని పిన్నీసు మళ్ళీ చున్నీకి పెట్టుకున్నాను. అంతే, ఆ సంగతి మర్చిపోయాను. ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు గానీ, నిజంగానే మర్చిపోయాను.

రెండు రోజుల తర్వాత, ఆ బోర్డులు పరీక్షకు వచ్చాక, వాటిని చూసే అక్క నన్ను పిలిచింది. ఆవిడది మా పక్క ఊరు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేది, మిగతా రోజులు భూతద్దం దీపం కింద బోర్డులు చూసేది. ఒక్క తప్పు కూడా ఆవిడ కన్ను దాటి పోయేది కాదు.

"ఇటు చూడు. ఈ మూల కాళ్ళు మళ్ళీ అంటుకున్నాయి. పొద్దుట్నుంచి ఇది ఏడోది," అంది.

చిప్పు ఒక మూలన మూడు కాళ్ళ మధ్య టంకం వంతెనలా కట్టేసి ఉంది. ఆ బోర్డును కాటాలో బిగించి చూస్తే, పళ్ళెంలో ఏమీ పెట్టకుండానే మూడు కిలోలు చూపించింది. చెయ్యి ఆనిస్తే సున్నాకు వచ్చింది.

అక్కడి నుంచి నాకు దిక్కు తోచలేదు. పేస్టును ఫ్రిజ్ నుంచి తీసి చల్లదనం పోకముందే మూత తీశామేమో అనుకుని, మర్నాడు పొద్దున్నే తీసి మధ్యాహ్నం దాకా బయటుంచాను. తప్పు పోలేదు. దూది పోగులేమో అనుకుని కిటికీల సందుల్లో కాగితాలు దోపాను. పోలేదు. అడుగు తుడవడం చాలట్లేదేమో అనుకుని మూడు బోర్డులకొకసారి తుడిచాను. తుడిచాక రెండు బోర్డులు బాగా వచ్చేవి, మూడోదానికి కాళ్ళు మళ్ళీ కలిసేవి. అది నన్ను ఇంకా అయోమయంలో పడేసింది. తుడిస్తే పోతోందంటే మురికే కారణం. మురికే కారణమైతే వేరే మూలల్లో ఎందుకు రాదు? రాత్రి అన్నం తింటూ కూడా ఆ మూడు కాళ్ళ గురించే ఆలోచించేదాన్ని. ఆలోచించినకొద్దీ మొదట్లో తెలుసనుకున్నవి కూడా తెలియకుండా పోయేవి.

వారం గడిచేసరికి విషయం యజమాని దాకా వెళ్ళింది. ఆయన మంచివాడే, కానీ ఓపిక తక్కువ. బాబాయ్ బ్లేడు లాగుతుంటే కాసేపు వెనక నిలబడి చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"పెద్దాయన చెయ్యి బరువెక్కినట్టుంది. నువ్వేమంటావమ్మా? నువ్వు చదువుకున్నదానివి, రోజూ పక్కనే ఉంటావు."

నాకు తెలియదు సార్ అని ఉంటే సరిపోయేది. ఆ మాటకు నా నోరు రాలేదు. వారం రోజులుగా నాకేమీ తెలియడం లేదని ఆయనకు తెలియకూడదనుకున్నాను.

"నొక్కుడు ఎక్కువవుతుందేమో సార్," అన్నాను.

ఎక్కువ నొక్కితే పేస్టు రేకు కిందికి పాకి కాళ్ళు కలుస్తాయని కాగితంలో ఉంది. నేను అన్నది అబద్ధమేమీ కాదు. నిజమని నాకు తెలిసీ అనలేదు.

మర్నాడు బ్లేడు నాకిచ్చారు. బాబాయ్‌ని ప్యాకింగుకు పంపారు. ఆయన చేతులు కడుక్కుని, తన ఏప్రాన్ మడతపెట్టి బల్ల మీద పెట్టి, అట్టపెట్టెల దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. నేను మూడు రోజులు బ్లేడు లాగాను. కాగితంలో ఉన్నట్టే లాగాను, మెల్లగా నొక్కాను. అదే మూల, అవే మూడు కాళ్ళు. నాలుగో రోజు బాబాయ్ పనిలోకి రాలేదు. అయిదో రోజూ రాలేదు. బ్రాడీపేటలో పాత స్నేహితుడి కొట్లో మళ్ళీ శుభలేఖలు వేస్తున్నాడని ఎవరో చెప్పారు.

ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం నేను రేకు కడిగి గోడకు ఆనించి పెట్టాను. అన్నం తిని వచ్చిన అక్క దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. అందరం రేకును వెలుతురుకు ఎదురుగా పట్టి కన్నాల్లోంచి చూస్తాం. ఆవిడ అలా చూడలేదు. అడుగు వైపు పైకి వచ్చేట్టు ఏటవాలుగా పట్టుకుని, వెలుతురు రేకు మీద పాకేట్టు చూసింది. ఇంకో చేత్తో భూతద్దం పెట్టింది.

"ఇదిగో, ఈ కన్నాల మధ్య సన్న పట్టీలున్నాయి చూడు, అవి కిందికి వంగాయి. గీతలు కూడా ఉన్నాయి. ఎవరో గుచ్చినట్టుంది."

భూతద్దంలో చూశాను. రెండు పట్టీలు కిందికి ఉబ్బాయి. ఆ ఉబ్బు వల్ల ఆ మూలన రేకు బోర్డుకు ఆనడం లేదు. ఆ సందులోంచే పేస్టు కిందికి పాకుతోంది. తుడిచినప్పుడల్లా పాకింది పోతోంది, రెండు బోర్డులకల్లా మళ్ళీ పాకుతోంది. రెండు వారాలుగా నా బుర్రలో ముడిపడినవన్నీ ఒక్కసారి విడిపోయాయి. వాటితో పాటు చున్నీకున్న పిన్నీసు కూడా గుర్తొచ్చింది. 

అక్క రేకు తీసుకెళ్ళి యజమానికి చూపించింది. ఆయన చూసి, "కొరియర్లో దెబ్బ తిన్నట్టుంది. బెంగళూరు వాళ్ళు సరిగ్గా ప్యాక్ చెయ్యలేదు," అన్నాడు. రేకు వచ్చి నాలుగు నెలలైంది, ఇన్నాళ్ళూ బాగానే ఉందిగా అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. తప్పు వాళ్ళదే కాబట్టి కొత్త రేకు పంపమని ఆయన అప్పటికప్పుడు ఫాక్సు రాయించాడు. ఆ ఫాక్సు నేనే పంపాను.

ఆదివారం బ్రాడీపేట వెళ్ళాను. సందులో కొట్టు వెతుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు, రంగుల వాసన వీధి మొదట్లోనే తగిలింది. బాబాయ్ బల్ల ముందు నిలబడి ఎర్ర రంగుతో శుభలేఖలు లాగుతున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "రామ్మా, కూర్చో," అన్నాడు.

కూర్చోలేదు.

"బాబాయ్, రేకు వంగింది. నేనే వంచాను. పేస్టు ఎండిపోతే పిన్నీసుతో గుచ్చాను. నీ చెయ్యి కాదు."

ఆయన చేతిలో ఉన్న కార్డు లాగి, తీసి, ఆరడానికి పెట్టి అప్పుడు నా వైపు తిరిగాడు.

"అనుకున్నా," అన్నాడు.

"అనుకున్నావా? ఎప్పుడు?"

"మొదట్లోనే. రేకు అడుగున బొటనవేలు పెట్టి చూశా. ఆ మూల గరగరలాడింది."

 "మరి చెప్పలేదేం బాబాయ్? సారుకు చెప్పొచ్చుగా. నాకైనా చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? నా కళ్ళల్లో శుక్లాలు. అంత సన్న కన్నాలు నాకు కనపడవు, ఇన్నాళ్ళూ చేతి మీదే లాగుతున్నా. ఆ చెయ్యేమో ముప్పై ఏళ్ళు రంగులు కడిగే కిరసనాయిల్లో నానింది." బొటనవేలు నా ముందుకు చాపాడు. చర్మం అట్టకట్టి, పగుళ్ళలో రంగులు ఇంకిపోయి ఉంది. "రేకు గరుగ్గా ఉందో, నా వేలు గరుగ్గా ఉందో నాకే తేల్లేదు. ఈలోగా నువ్వు సారుతో నా చెయ్యే అన్నావంట. చదువుకున్న పిల్ల, అద్దం పెట్టి చూసే చెప్పుంటదిలే అనుకున్నా."

ఆ మాటలో కోపం ఉందేమోనని వెతికాను. లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయన నా మాట నమ్మి తన వేలును తనే అనుమానించాడు. నేనేమో ఏమీ చూడకుండా ఆ మాట అన్నాను. క్షమించమని అడగాలనుకుని వెళ్ళినదాన్ని, దేనికి క్షమించమని అడగాలో తెలియక నిలబడిపోయాను. రేకు వంచినందుకా, నిందకా, తెలియదని ఒప్పుకోనందుకా?

"టీ తాగి పో," అన్నాడు ఆయన. తాగి వచ్చేశాను.

సోమవారం యజమానికి అంతా చెప్పాను. 

"మరి బెంగళూరు వాళ్ళ తప్పని ఫాక్సు పంపామే!"

"పంపాం సార్."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

నాకు తెలియదు సార్ అన్నాను. ఈసారి నోరొచ్చింది.

ఆయన ఫోను తీసి బెంగళూరు వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. అవతలివాళ్ళు ఏమన్నారో వినపడలేదు. ఫోను పెట్టేసి, "కొత్త రేకు ఇప్పటికే కోసేశారంట. ఎట్లా చెడిపోయిందో చెప్పినందుకు థాంక్స్ అన్నారు," అన్నాడు, అది మెచ్చుకోలో ఎగతాళో తేల్చుకోలేని ముఖంతో. నన్ను ఉద్యోగం నుంచి తీసేస్తాడనుకున్నాను, తీయలేదు. మధ్యాహ్నం స్కూటరు మీద తనే బ్రాడీపేట వెళ్ళాడు.

బాబాయ్ గురువారం వచ్చాడు కానీ బ్లేడు ముట్టుకోలేదు. కళ్ళ ఆపరేషన్ అయ్యేదాకా లాగనన్నాడు. ఆ రెండు నెలలూ నేను లాగుతుంటే ఆయన పక్కన నిలబడి, రేకు మీద బ్లేడు చేసే చప్పుడు వినేవాడు. "ఎక్కువైంది," "ఆ, ఇప్పుడు సరిపోయింది," అనేవాడు. నోటుబుక్కులో రాసుకోవడం మానేశాను.

గుంటూరులో ఆపరేషన్ అయింది. నల్లద్దాలు తీసేసి పనిలోకి వచ్చిన రోజు ఆయన అక్క దగ్గరి భూతద్దం దీపం కింద కొత్త రేకు పెట్టి చూశాడు. 

"ఇంత సన్న కన్నాల్లోంచా నేను లాగింది? ముందే కనపడుంటే భయపడి చచ్చేవాణ్ణి," అన్నాడు. అందరం నవ్వాం.

అది ఉత్త నవ్వులాట కాదని రెండు రోజుల్లో తెలిసింది. బ్లేడు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాక ఆయన లాగిన బోర్డుల్లో పేస్టు సరిగ్గా పడటం లేదు. కొన్ని దిమ్మలు సగమే నిలబడుతున్నాయి. కన్నాలు కనపడటంతో జంకి, ఆగి ఆగి లాగుతున్నాడు. అక్క ఒక బోర్డు నాకు చూపించి నా ముఖంలోకి చూసింది. నాకు మళ్ళీ ఏమీ పాలుపోలేదు. తప్పు ఆయన చేతిది కానప్పుడు చెయ్యన్నాను. ఇప్పుడు తప్పు ఆ చేతిదే అయితే ఏ ముఖం పెట్టుకుని చెప్పను? చెప్పకపోతే ఆ బోర్డులు కాటాల్లోకి వెళ్ళిపోతాయి.

ఆ మధ్యాహ్నం రేకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాను. ఏటవాలుగా పట్టి చూశాను. భూతద్దంలో ప్రతి కన్నం చూశాను. పేస్టు ఎప్పుడు బయటికి తీశారో కనుక్కున్నాను. అప్పుడు బాబాయ్ దగ్గరకు వెళ్ళాను. యజమాని దగ్గరకు వెళ్ళలేదు.

"బాబాయ్, పేస్టు తక్కువ పడుతోంది."

"రేకు చూశావా?"

"చూశా. వంకర లేదు."

"కన్నాలు?"

"అన్నీ తెరిచే ఉన్నాయి. పేస్టు కూడా బానే ఉంది."

ఆయన నా చేతిలోని బోర్డు తీసుకుని, కొత్తగా వచ్చిన చూపుతో దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత బ్లేడు నా వైపు తిప్పి అందించాడు.

"అయితే చెయ్యే. నువ్వొక నాలుగు లాగు, నేను కూర్చుని చూస్తా," అని స్టూలు దగ్గరకు లాక్కున్నాడు.